నాన్నకు డబ్బింగ్ చూపించాను

ఆదివారం, నాంపల్లి

ఆబిడ్స్ సినిమా హాల్లో గేట్‌కీపర్‌గా ఉన్నప్పుడు నాన్న రోజూ చూసిన ఆ ఇంగ్లీషు కత్తియుద్ధం సినిమా కోసం నెలంతా వెతికాను. తెలుగు డబ్బింగ్ దొరికింది. ఇప్పుడైనా ఆయనకు మాటలు అర్థమవుతాయని మురిసిపోయాను.

పది నిమిషాలకే విసుక్కున్నాడు. "ఏందిది? వాడు గట్లనలే. ఆవాజ్ బంద్ జెయ్యి."

ఒళ్లు మండింది. "నీకు ఇంగ్లీషే రాదు గదా నాన్నా, వాడేమన్నడో నీకెట్ల తెలుసు?"

"నూరుసార్లు చూసిన. నాకు తెల్వదా?"

విసురుగా మ్యూట్ నొక్కాను. హీరో తాడు పట్టుకుని ఓడ మీదికి దూకాడు. వాడి మాటలు, దొంగల మాటలు, రాణి మాటలు అన్నీ నాన్నే చెప్పడం మొదలుపెట్టాడు. చిన్నప్పుడు మాకు చెప్పిన కథే, ఒక్క మాట మారలేదు.

డబ్బింగ్ కన్నా అదే బాగుంది. ఇప్పుడు నా మంటంతా అందుకే.