పట్టె బాతులు రాని మార్గళి

మామా,

నమస్కారం. రేపటి తిథికి మీరు వెళ్లిపోయి సంవత్సరం నిండుతుంది. మీరు జీవితమంతా తెలుగు మాట్లాడారు గాని, చదివింది తమిళ అక్షరాలే. నేను పుస్తకాలు తెచ్చుకుని తెలుగు లిపి దిద్దుకుంటుంటే, "ఎవురికి రాసేదానికిరా ఇంత కష్టం?" అని నవ్వేవారు. ఇదిగో... మీకే.

ముందుగా చెప్పవలసిన సంగతి చెబుతాను. మార్గళి నెల వచ్చినా పట్టె బాతులు ఇంతవరకు రాలేదు.

మిగిలినవన్నీ వచ్చాయి. ఐప్పసి నెల వానలకు మన చెరువు గట్టు అంచు దాకా నిండింది. సూదితోక బాతులు, గరిటెముక్కు బాతులు, బొల్లికోళ్లు, అన్నీ వచ్చిన క్రమంలోనే నోటుపుస్తకంలో రాసిపెట్టాను. తెల్లని తల మీద రెండు నల్ల చారలతో, మంచుకొండలు దాటి వచ్చే ఆ పెద్ద బాతులు మాత్రం లేవు. "నొసట మనది నిలువు నామం, వాండ్లది అడ్డ పట్టె. అట్లయినా చుట్టాలే" అనేవారు కదా... ఆ చుట్టాలు లేరు.

మోటారు వైండింగ్ షాపు తెరిచే ముందు రోజూ గట్టు మీద నిలబడుతున్నాను. టీ కొట్టు మారియప్పన్ ఊరుకోడు. "ఏంబా గురుసామీ, మీ చుట్టాలు బస్సు తప్పిపోయిరా?" అంటాడు. నవ్వలేకపోతున్నాను మామా. కోపం వస్తున్నది. ఎవరి మీద అని అడిగితే ఏం చెప్పను?

మీ అంతిమయాత్ర మీరు చూడలేదు. నేను చూశాను.

బాతులు నీటి మీద ఉన్న కాలం మన గట్టు పక్క టపాసు చప్పుడు వినిపించకూడదన్నది మీరు పెట్టిన కట్టుబాటు. పెళ్లి ఊరేగింపులు సైతం అక్కడ మేళం ఆపి నడిచేవి. "చుట్టం బువ్వ తినేటప్పుడు పక్కన సత్తం పెడ్తారాబా?" అని మీరు ఒక్క మాట అంటే సరిపోయేది. అటువంటి మిమ్మల్ని ఆ గట్టు మీదుగానే తీసుకువెళుతూ, మీ పెద్దకొడుకు సీని బావ టపాసుల సరాలు పరిచి అంటించాడు. వెంబకోట్టైలో తాను పనిచేసే టపాసుల యూనిట్ నుండి పెట్టెలకు పెట్టెలు తెచ్చాడు. పాడె నా భుజం మీద ఉంది. చేతులు ఖాళీ లేవు. "వద్దు బావా" అన్నాను. "మా నాయన్ని సత్తం లేకుండా పంపేదా? ఊరు నవ్వదా?" అన్నాడు, ఏడుస్తూనే.

బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. మన తలల మీదుగా ఒక చుట్టు తిరిగి, గాలిమరల వైపు వెళ్లిపోయాయి. ఆ చలికాలమంతా అవి మళ్లీ రాలేదు. పెద్దాయనకు ఎంత గౌరవం జరిగిందో అని ఊరంతా చెప్పుకుంది... దీనిని గౌరవమనే అనాలా మామా?

మొన్న కయత్తారు పక్కన ఒక చెరువులో పట్టె బాతులు ఉన్నాయని విని బండి మీద వెళ్లాను. ఉన్నాయి. ఎదురుగా జాతీయ రహదారి, లారీల హారన్లు, పైన గిర్రున తిరిగే మరలు... ఇంత రొదలో నిశ్చింతగా గడ్డి మేస్తున్నాయి. అవి మనవేనా? అన్నిటికీ అవే పట్టెలు, ఎలా గుర్తుపట్టేది? ఈ రొద ఓర్చుకున్నవి, మన ఊరిని ఒక్క రోజు చప్పుడుకే ఎందుకు వదిలేశాయి? దుర్భిణి సంచిలో పెట్టి బండి తిప్పాను.

ఇంటికి వచ్చేసరికి మీ వరండాలో మళ్లీ టపాసుల పెట్టెలు. రేపటి తిథికట! కారణాలన్నీ వరుసగా చెప్పాను. మొదటిది, రెండవది, మూడవది అంటూ... బావ ఓపికగా విని, "బాతులే రాలే కదరా. ఇంక ఎవురి కోసరం అదుముకోని ఉండేది?" అన్నాడు.

మీ మాటే గుర్తుకు వచ్చింది. చెరువు ఎండిపోయిన ఒక దీపావళికి కుర్రవాళ్లు గుంపుగా వచ్చి, నీళ్లే లేవు, బాతులే లేవు, ఇప్పుడు పేల్చుకోవచ్చా అని మిమ్మల్ని అడిగారు. మీరు అరుగు మీద నుండి లేవకుండానే, "చుట్టం రాలే అని వాకిలి పూడ్చేస్తారాబా?" అన్నారు. ఆ గుంపులో ముందు నిలబడి అడిగింది మీ సీనియే. బావకు ఆ సంగతి మాత్రం గుర్తుచేశాను. అతను లేచి లోపలికి వెళ్లిపోయాడు.

ఈ సాయంత్రం షాపు ముందు ఆటో ఆగింది. బావ పెట్టెలన్నీ దించి, తీగచుట్టల వెనక పేర్చాడు. "వరండాలో వాన జల్లు కొడ్తుంది. ఈడనే ఉండనీ" అన్నాడు. వాన పడి చాలా రోజులైంది మామా. ఆకాశంలో మబ్బు తునక లేదు. నేను సరేనన్నాను.

నాకు సంతోషంగా ఏమీ లేదు. నోటుపుస్తకంలో పట్టె బాతుల పేరు ఎదుట గడి ఇంకా ఖాళీగానే ఉంది. వాటిని రప్పిస్తానని మీకు మాట ఇవ్వలేను. రేపు మీకు పిండం పెట్టి గట్టు మీద నడుస్తాము... సత్తం లేకుండా. ఆ ఒక్క మాట ఇస్తున్నాను.

మీ అక్క కొడుకు,
గురుసామి