ఆంజినమ్మ దరఖాస్తు

మండల వ్యవసాయాధికారి గారికి నమస్కరించి రాసుకునేది,

నేను కంబదూరు బస్టాండు దగ్గర కంప్యూటర్ షాపు నడుపుతున్నాను. పంట నష్టం దరఖాస్తులకు నిన్న ఆఖరి రోజు. ఆంజినమ్మ అనే ముసలావిడకు మూడెకరాల వేరుశెనగ ఎండిపోయింది. ఆమె దరఖాస్తు గడువులోగా మీకు చేరలేదు. తప్పు ఆమెది కాదు, నాది.

నా కంప్యూటర్‌లో ప్రాసెసర్ వేడెక్కి, పది నిమిషాలకోసారి ఆగిపోయేది. వారం నుంచీ తెలిసినా, షాపు మూయాల్సి వస్తుందని బాగు చేయించలేదు. నిన్న ఆమె వివరాలు ఎక్కిస్తుంటే మూడుసార్లు ఆగింది. "ఇంటికి పో అవ్వా, చల్లారినాక నేనే పంపిస్తా" అన్నాను. పక్క వీధిలో ఇంకో షాపు ఉంది. అక్కడికి పంపితే సరిపోయేది, పంపలేదు.

ఆమె వెళ్లాక కంప్యూటర్ పక్క రేకు విప్పితే ఫ్యాన్ నిండా ఎర్రమట్టి. ప్రాసెసర్ వేడిని లాగేసే పేస్టు ఎండి పెళ్లలుగా రాలింది. కళ్యాణదుర్గం బస్సెక్కి కొత్త పేస్టు తెచ్చి పూసేసరికి ఆరు దాటింది. గడువు ఐదింటికే ముగిసింది.

ఈ పొద్దున ఆమె వచ్చి, "నా పేరు ఎక్కినాదా పాపా?" అని అడిగింది. "ఎక్కినాదవ్వా" అన్నాను.

అప్పటినుంచి ఒకచోట కూర్చోలేకపోతున్నాను. ఆమె కాగితాలన్నీ జతచేశాను. గడువు దాటినా, వీటిని నేరుగా మీ ఆఫీసులో తీసుకునే వీలుందేమో చూడండి. వీల్లేదంటే ఆమెకు కబురు పంపకండి, ముందు నాకు చెప్పండి. ఆమె ఇంటికి నేనే వెళ్లి చెబుతాను.

ఇట్లు,
షాపు నడిపే మనిషి