నాటకంలో నీ వేషం

కోటమ్మా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నీకు అందదని తెలిసే రాస్తున్నాను.

పొలం గట్టు తగాదాలో మనిషిని కొట్టి నేను నరసరావుపేట జైలుకొచ్చింది నీకు తెలుసు. ఇక్కడ మాకు నాటకాలు నేర్పడానికి వారానికోసారి ఒక మేడమ్ వస్తోంది. నిన్న ఆమె, మొగుడు తాగి ఇంటికొచ్చే సీను వేయించింది. పెళ్లాం వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే నేనే దుప్పటి కొంగులా కప్పుకుని నిలబడ్డాను.

మొగుడి వేషం వేసిన మస్తాన్ "ఏమే, కూరలో ఉప్పేదీ?" అంటూ చెయ్యెత్తాడు. ఉత్తుత్తి దెబ్బేనని తెలుసు. అయినా నా రెండు చేతులూ వాటంతటవే చెవుల మీదికి పోయాయి. గోడకు ఒదిగిపోయి, "మెల్లగా, పిల్ల లేస్తది" అన్నాను. అది మేడమ్ రాసిచ్చిన మాట కాదు, నీది.

అందరూ చప్పట్లు కొట్టారు.

"చానా బాగా చేశావు బాబాయ్! యాడ నేర్చుకున్నావు?" అని అడిగాడు మస్తాన్.

"ఎక్కడో చూశాలే" అన్నాను.

ఇరవై ఏళ్లు మనింట్లోనే, నీ ఎదురుగా చెయ్యెత్తి నిలబడి చూశానని చెప్పడానికి నాకు నోరు రాలేదు.