ఉప్పునీటి బొమ్మ

బావా,

ఓడలు రావడం మానేసిన కళింగపట్నం రేవుకి నువ్వు బొమ్మ వేయడానికి వెళ్లి ఈ రోజుకి రెండేళ్లు. రంగులు కలుపుకునే బావినీళ్ల మరచెంబు ఆ రోజు గడప దగ్గరే మరిచిపోయావు. నేను చూశాను కానీ పిలవలేదు. పొద్దున్నే పోట్లాడుకున్నాం కదా, పట్టుదల.

నువ్వు సముద్రపు నీళ్లతోనే రంగులు కలిపావు. తిరిగి రాలేదు. ఇసుక మీద దొరికిన బొమ్మని పడవవాడు అప్పన్న తెచ్చి ఇచ్చాడు.

ఆ ఉప్పు వల్లే కాబోలు, ముసురు పట్టినప్పుడల్లా గోడమీది ఆ కాగితం చెమ్మగిల్లుతుంది. బొమ్మలోని ఒడ్డున నువ్వు రంగు వేయకుండా మనిషి ఆకారంలో వదిలిన తెల్లటి చోటు మాత్రం పొడిగానే ఉంటుంది.

ఇవాళ అప్పన్న ఎండుచేపలు ఇవ్వడానికి వచ్చి, బొమ్మ చూసి ఆగిపోయాడు.

"అమ్మా, నాను తెచ్చిన్నాడు ఈ తెల్లమనిషి నీళ్ల కాడుండేవోడు. ఇప్పుడు ఇసక దాటీసి ఇటే వచ్చీసినాడేటి? రంగెట్టి కప్పీయమ్మా!"

ఉప్పుకి రంగు జరిగి ఉంటుందిలే అన్నాను. అతను వెళ్లాక నీ కుంచె తీశాను. "తెలుపంటే పూసేది కాదే, వదిలేది" అనేవాడివి. కుంచెని తడపకుండానే పెట్టేశాను.

నీ మరచెంబు ఇంకా గడప దగ్గరే ఉంది. రోజూ సాయంత్రం నీళ్లు మారుస్తాను. ఇందాక మూత తిప్పి చూస్తే, ఎవరో కుంచె కడిగినట్టు నీళ్లు నీలంగా ఉన్నాయి.

ఈసారి పిలిచాను, బావా.