గట్టుకు అటు సగం, ఇటు సగం

నాగమ్మా, ఈ సంగతి నీకు చెప్పకుండా ఎట్లా ఉండగలను! మన సుజాత జపానుకు పోతోంది. దేశాలు ఒకదానితో ఒకటి ఎలా మెలగాలో నేర్పే డిగ్రీలో, నువ్వు పోయాకే చేరింది. అందరూ మూడేళ్లు చదివేది అది రెండున్నరేళ్లకే ముగిస్తోంది. ఆఖరి ఆరు నెలలు విదేశంలో చదవాలంటే ఇంటర్వ్యూలో నెగ్గాలి. దానికి నిద్ర లేదు, నాకు తిండి లేదు.

ఈరోజు ప్రొద్దుటూరు బస్టాండులో దిగుతూనే నా మెడకు చుట్టుకుంది.

"సీటొచ్చింది నాయనా! ఒకరికొకరు పడనోళ్లను ఎట్లా ఒప్పిస్తావని అడిగినారు. అమ్మ కత చెప్పినా!"

దువ్వూరులో అన్నదమ్ములిద్దరూ ఎరువు కోసం మన గొర్రెల మందను ముందు నా చేలో ఆపాలంటే నా చేలో ఆపాలని కొట్టుకోబోయారు. నువ్వు మందను వాళ్ల చేల నడుమ గట్టుకు అటు సగం, ఇటు సగం పడుకోబెట్టావు. ఇద్దరిళ్ల సంగటీ మనమే తిన్నాం చూడు, ఆ కథ!

"ఇది ఏ పుస్తకంలో ఉందమ్మా?" అన్నారట.

"మాయమ్మ దగ్గర నేర్చుకున్నా సార్" అందట.

నేను సంతోషం పట్టలేక చేతులెత్తి కేకేశాను. ఆటో అబ్బాయి నవ్వి, "ఏంది పెద్దాయనా, ఎలక్షన్ గెలిచినావా?" అన్నాడు.

"నేను కాదప్పా, మా ఇంటామె గెలిచింది!" అన్నాను.