ఊట దారి కేసు నకలు గురించి

కౌంటీ కోర్టు గుమాస్తా గారికి,

నా పేరు ఓర్లీనా స్టిడమ్. వయసు డెబ్బై ఒకటి. లారెల్ వాగుకి ఎగువన, కొండ మీద మా ఆయనా, నేనూ, ఒక కంచరగాడిదా ఉంటున్నాం.

నా పేరు మీద ఊట దారి కేసేదీ లేదని జవాబు రాశారు. గెలిచింది నేను కాబట్టి నా పేరు మీదే ఉంటుందనుకున్నాను. కేసు వేసినవాడి పేరు మీద రాస్తారని ఈ ఉత్తరం రాస్తున్న పంతులమ్మ వెర్నా ఇప్పుడు చెప్పింది. అయితే హోబర్ట్ స్టిడమ్ పేరు మీద వెతకండి. నలభై ఆరేళ్ళ కిందట, మొక్కజొన్న కోతలప్పుడు. అప్పుడు నేను ఓర్లీనా నేపియర్‌ని. తన పొలంలోంచి ఊట నీళ్ళకి నడవకూడదని నా మీద కేసు వేశాడు. నడిచే హక్కు నాదేనన్నారు జడ్జిగారు. మరుసటి వసంతంలో అతన్నే పెళ్ళి చేసుకున్నాను.

పోయినేడు ఆ పొలం అమ్మేశాం. కొన్నాయన దారికి అడ్డంగా కంచె వేశాడు.

"నేను ఓడిపోయానని ప్రమాణం చేస్తాలేవే" అంటాడు హోబర్ట్.

"చేద్దువుగానీ, కూర్చో" అన్నాను.

కోర్టులో మొగుడి మాట చాలదట, ముద్ర వేసిన నకలు కావాలట. ఆ కంచె మీద మేం వేసిన కేసు విచారణ వచ్చే మంగళవారమే. నకలు రాకపోతే ఈ వయసులో వాగు నుంచి మైలు దూరం నీళ్ళు మోయాలి.

మీకు దొరక్కపోతే గాడిదెక్కి నేనే వస్తాను. చదువు రాదు గానీ నా గుర్తు పోల్చుకోగలను. కోడికాలు లాంటిది. ఆ కాగితాల మీద ఉన్నదీ, ఇక్కడ వేస్తున్నదీ ఒకటే.

ఓర్లీనా స్టిడమ్ గుర్తు: Ψ

సాక్షులు:
వెర్నా సైజ్‌మోర్, ఉత్తరం రాసినామె.
హోబర్ట్ స్టిడమ్, ఆ కేసు ఓడినవాడు.