నలభయ్యో టికెట్

అత్తయ్యకు,

మీ కోడలి నమస్కారాలు. ఇక్కడ మేం ముగ్గురం బాగున్నాం. అక్కడ మీరూ, మీ అమ్మాయీ, ఇరవై రోజుల ఆ కొత్త మనిషీ బాగున్నారని మీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఫోన్లో మాట్లాడదామంటే మీ చెవి మిషను ఈల వేస్తుంది, మీరేమో "ఆఁ? ఆఁ?" అంటారు, నేనేమో వీధి చివరిదాకా వినపడేలా అరుస్తాను. ఉత్తరమే నయం. పైగా ఇవాళ రాయబోయేది అరిచి చెప్పే సంగతి కాదు.

ముందు మీరడిగినవాటికి జవాబులు. చిన్నదానికి ముందు పన్ను ఊడింది. ఊడిన పన్నును అగ్గిపెట్టెలో దాచింది, నానమ్మ చూసేదాకా ఎవరూ ముట్టుకోకూడదట. మీ కుట్టు మిషను మీద ఎవరూ చెయ్యి వేయలేదు. దాని మీద ఇస్త్రీ బట్టలు పెడుతున్న మాట మాత్రం నిజం, తిట్టకండి. మీ అబ్బాయి టీలు తగ్గించాడా అన్నారు. ఇంట్లో తగ్గించాడు. ఆఫీసులో ఎన్ని తాగుతున్నాడో ఆ క్యాంటీను వాణ్ణే అడగాలి. నేను వేళకు తింటున్నాను.

ఇక మీ ఆఖరి ప్రశ్న. దాన్ని దాటేసి సంతకం పెట్టేద్దామని రెండుసార్లు అనుకున్నాను. "మావయ్య రాసినవన్నీ అచ్చు తీశావా? ఇప్పుడు చదవగలననిపిస్తోంది, ఆఖరుది కూడా. నేను ఆ కునుకు తీయకపోతే ఆయన ఒంటరిగా పోయేవారు కాదు. ఎంత పిలిచారో ఏమో. తిట్టి రాసినా సరే, చదవాలి" అని రాశారు. ఈ నాలుగు మాటలూ చదివి వంటింట్లో కూర్చుని ఏడ్చాను. ప్రింటర్లో ఇంకు లేదని మూడు నెలలుగా మీతో చెబుతున్నాను కదా. ఇంకు వచ్చి రెండు నెలలైంది. మీ అబ్బాయి రోజూ, "అమ్మకి ఎప్పుడు చెప్తావ్?" అంటాడు. "చెప్తాలే" అంటాను. అంతే, ఆ పూట గడిచిపోతుంది.

జరిగింది చెబుతాను. మావయ్య ఉన్న గాజు గదుల వార్డులోకి ఎవరినీ రానివ్వరు కాబట్టి, రోగులు లోపలి నుంచి రాస్తే బయటివాళ్ళ ఫోన్లలో కనిపించేలా ఒక సైటు పెట్టారు కదా. దాన్ని నడిపేది మా ఆఫీసే, చూసుకునేది నేనే. మావయ్య నలభై రోజులు, రోజుకొకటి రాశారు. ముప్పై ఏళ్ళు కండక్టరుగా చేసిన మనిషి, అందుకే వాటిని టికెట్లు అనేవారు. "డ్రైవర్ గారికి ఇవాళ్టి టికెట్ కొట్టానమ్మా, చూడు, చేరిందా?" అని నన్నే అడిగేవారు. ఇల్లు నడిపేది మీరట, విజిల్ వేయడమే తన పనట.

గురువారం ఆయన పోయారు. నలభయ్యో టికెట్ మీ ఫోన్లో విప్పకుండానే ఉండిపోయింది. "నా వల్ల కాదు, దాచు. నువ్వూ విప్పకు" అని ఫోను నా చేతిలో పెట్టారు. శనివారం ఆ సైటును కొత్త సర్వరుకు మార్చాలి. ఇంట్లో ఉండలేక నేనే వెళ్ళాను. "వేరేవాళ్ళు చేస్తారు, పోమ్మా ఇంటికి" అని మా ఆఫీసు పెద్దాయన అన్నాడు. వినలేదు. వింటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

సామాను అంతా కొత్త మిషనులోకి ఎక్కించి పేజీ తెరిచాను. తెలుగు అక్షరం ఒక్కటి లేదు. అన్నీ ఇంగ్లీషు అక్షరాలకు కొమ్ములు మొలిచినట్టున్న గుర్తులు, విరిగిన గీతలు. అక్షరాలు దారిలోనే పాడయ్యాయనుకున్నాను. నిజానికి లోపల అవి నిక్షేపంగా ఉన్నాయి. దాచిన చోటికీ పేజీకీ మధ్య "వచ్చేది ఫలానా లిపి" అని చెప్పే ఒక్క లైను రాయడం మరిచిపోయాను. కళ్ళద్దాలు తుడుచుకుంటే సరిపోయేదానికి కంట్లో వేలు పెట్టుకున్నట్టు, నేను ఆ లైను వెతక్కుండా లోపల దాచిన అక్షరాలనే మార్చబోయాను. మార్చింది తెలుగుకు చోటే లేని పద్ధతిలోకి. ఎర్రర్ వచ్చి ఉంటే ఆగేదాన్నే అత్తయ్యా. రాలేదు. ఎన్నో హెచ్చరికలున్నాయని మూలన ఒక అంకె చూపించింది. నేను చూడలేదు. పని పూర్తయింది అన్నది మాత్రం చూశాను.

మళ్ళీ పేజీ తెరిస్తే ప్రతి అక్షరమూ ప్రశ్నార్థకమే. కొమ్ముల గుర్తులైతే తిప్పి రాబట్టొచ్చు. ప్రశ్నార్థకమైతే ఇక లోపల ఏమీ మిగలనట్టే. పని మొదలుపెట్టేముందు కాపీ తీసుకోలేదా అంటారేమో. తీశాను. అదీ తెలుగుకు చోటు లేని ఆ పద్ధతిలోనే తీశాను, అందులోనూ ప్రశ్నార్థకాలే. కొత్తది నడుస్తోందని పాత సర్వరును ఆ సాయంత్రమే తుడిచేశారు. అంతకుముందు ఆదివారం తీసిన కాపీ ఒకటి దొరికింది. దాంతో ముప్పై ఆరు టికెట్లు బతికాయి. సోమ, మంగళ, బుధవారాలవి పోయాయి. అవి మీరు అప్పుడే చదివారు. నలభయ్యోదీ పోయింది. మీ ఫోన్లోనూ ఉండేది కాదు, తెరిస్తే సర్వరు నుంచే వస్తుంది.

ఆ వారం రాసుకున్న మిగతా పదకొండు కుటుంబాలకూ నేనే ఫోన్ చేసి తప్పు ఒప్పుకున్నాను. ఒకాయన కేకలేశాడు, ఒకావిడ "పోనీలే తల్లీ" అంది. ముక్కూ మొహం తెలియనివాళ్ళ ముందు తల వంచగలిగాను. మీ ముందు వంచలేకపోయాను. మీరు నన్ను తిట్టరని తెలుసు, అదే భయం.

ఇంకొకటి ఉంది. విప్పకు అన్నారు. శుక్రవారం విప్పాను. ఆయన మాట ఒక్కసారి వినాలనిపించింది, ఆగలేకపోయాను. ఒక్కసారే చదివాను. అందులో ఏముందో తెలిసి కూడా, మీరు మూడు నెలలుగా "నేను నిద్రపోయాను, నేను నిద్రపోయాను" అని మిమ్మల్ని మీరు కాల్చుకు తింటుంటే నోరు విప్పలేదు. విప్పితే, ఏదీ చూపించు అంటారు. చూపించడానికి నా దగ్గర ప్రశ్నార్థకాలున్నాయి. అక్షరాలు పోగొట్టడం పొరపాటు. ఇది మాత్రం పొరపాటు కాదు, పాపమే చేశాను. క్షమించమని అడగడానికి కూడా సిగ్గుగా ఉంది.

గుర్తున్నది గుర్తున్నట్టు రాసి పంపొచ్చు. కానీ నా మాటలు ఆయన నోట పెట్టానేమోనని మీకు అనుమానం రాకూడదు. ఆ ప్రశ్నార్థకాలే సాయపడ్డాయి. ఒక్కో గుర్తుకూ ఒక్కో ప్రశ్నార్థకం, గుణింతానికీ పొల్లుకూ కూడా విడివిడిగా, వత్తుకైతే రెండు. ఖాళీలు, చుక్కలు, అంకెలు చెక్కుచెదరలేదు. మొదట ఏడు, తర్వాత ఆరు: "డ్రైవర్ గారికి". అలా నా జ్ఞాపకాన్ని మాట మాటకీ లెక్కపెట్టి చూసుకుంటూ పది రోజులు కూర్చున్నాను. మీరు బెంచీ మీద ఉన్నారని రాసినట్టు నాకు గుర్తు. లెక్క చూస్తే అక్కడ ఉన్నది ఒకే మాట, ఎనిమిది గుర్తులు. మీ అబ్బాయి వెనక నుంచి చూసి, "అమ్మ ఆ రోజు కూర్చుంది ప్లాస్టిక్ కుర్చీలో కదే" అన్నాడు. కుర్చీలో, సరిగ్గా ఎనిమిది.

ఒక్క మాట మాత్రం ఎంత గింజుకున్నా రాలేదు. సరిపోయే మాటలు నాలుగైదు దొరికాయి కానీ, ఏదీ ఆయనది అని చెప్పలేను. అక్కడ గీత గీసి వదిలేశాను. ఆ గీత నాది, మిగతాదంతా మావయ్యది.

ఈ కాగితం వెనక వైపు రాశాను. మనసు గట్టిపడినప్పుడే తిప్పండి. తిప్పాక నా మీద కోపం వస్తే దాచుకోకుండా రాయండి. రాయకుండా మాత్రం ఉండకండి.

ఇట్లు,
మీ మాట దాటిన కోడలు

(వెనక వైపు)

డ్రైవర్ గారికి,

టైము 6. ఇవాళ ఆయాసం కొంచెం ఎక్కువగా ఉంది, టికెట్ చిన్నది. అద్దం అవతల కుర్చీలో నిద్రపోతున్నావు. ఎడమ కాలి చెప్పు జారి కింద పడింది. ఇన్నాళ్ళకు నీ మొహం ________ ఉంది. నర్సమ్మ నిన్ను లేపబోయింది. వద్దమ్మా, పడుకోనీ, నాకు ఇలా చూస్తూ ఉండటమే బాగుంది అన్నాను.